మీడియా హెల్త్ లిటరసీ ప్రశ్నావళి: చైనీస్‌లోకి తెచ్చినట్టే మన శ్రీకాకుళం తెలుగులోకి తేవచ్చా?

ఉద్దానం_అమ్మాయి:

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, కమ్యూనిటీ హెల్త్. మాది కవిటి దగ్గర పల్లె, చదివేది శ్రీకాకుళంలో. టీవీలో, ఫోన్‌లో వచ్చే ఆరోగ్యం మాటల్ని గుర్తుపట్టి, నిలదీసి చూసే నేర్పుని మీడియా హెల్త్ లిటరసీ అంటారు. దాన్ని కొలిచే ప్రశ్నావళిని తెలుగులోకి తేవాలన్నది నా థీసిస్, దాని గురించి అడగాలి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా ఆ బాధ ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా ఎంతమంది వచ్చి నీళ్ళూ మట్టీ రక్తమూ పరీక్షించినా ఇదే కారణం అని ఒక్కటి తేలలేదు. ఆ తేలని చోటులోకి వాట్సాప్ వీడియోలు వచ్చి కూర్చున్నాయి. మా మావయ్యకి క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, మూడు దాటింది. ఎవరో పంపిన వీడియో చూసి ఏదో పొడి తెప్పించుకుని బీపీ మాత్రలు మానేశారు. మాకెవరికీ చెప్పలేదు, రెండు నెలలకి కాళ్ళూ ముఖమూ వాచాక బయటపడింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఎందుకు నమ్మావు మావయ్యా అంటే, తెల్లకోటు వేసుకుని చెప్పాడు కదమ్మా అన్నారు.

అప్పటినుంచి ఈ విషయం మీదే చదువుతున్నాను. 2011లో ఇజ్రాయెల్‌లో లెవిన్-జమీర్, లెమిష్, గోఫిన్ అనే ముగ్గురు మీడియా హెల్త్ లిటరసీని నాలుగు మెట్లుగా చెప్పారు. చూసేదాంట్లో ఆరోగ్యానికి సంబంధించిన సంగతి పైకి ఉన్నా లోపల దాగున్నా గుర్తుపట్టడం, అది తన మీద ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడం, నిజమా కాదా అని నిలదీసి చూడడం, చివరికి ఏం చేయాలో తేల్చుకోవడం. మా మావయ్య ఏ మెట్టు దగ్గర జారారో ఆలోచిస్తే నాకు ఇది మన ఊళ్ళకి ఎంత అవసరమో అర్థమైంది.

ఇలాంటి ప్రశ్నావళిని చైనీస్ మాట్లాడేవాళ్ళ కోసం మార్చి, సరిచూసిన పద్ధతి చదివాను. మా గైడ్ మేడమ్ కూడా అదే పద్ధతిలో వెళ్ళమన్నారు. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి, మళ్ళీ ఇంగ్లీషు చేయించి, రెండూ కలిశాయో లేదో చూసి, వంద మందికి ఇచ్చి ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) తీస్తే చాలన్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. చైనాలో ఎవరు ఎలా మాట్లాడినా రాసేది దాదాపు ఒకటే కదా, మన దగ్గర పుస్తకం తెలుగు వేరు, మా అమ్మ మాట్లాడేది వేరు. చదవడం రానివాళ్ళు ఫోన్‌లో వీడియోలు మాత్రం రోజంతా చూస్తారు, వాళ్ళకి నేను చదివి వినిపిస్తే అది అదే ప్రశ్నావళి అవుతుందా? పైగా "పూర్తిగా అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను" అని ఐదు రకాలు చదివితే అందరూ అలాగేనమ్మా అంటారు. ఇవన్నీ దాటిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నెల్లిమర్ల_కమ్యూనిటీ_మెడిసిన్:

అమ్మా, మీ భయం సరైనదే. మేడమ్ చెప్పిన దారీ తప్పు కాదు, సగం దారి అంతే.

ముందు ఆ సాధనం తయారుచేసినవాళ్ళకి మెయిల్ రాసి అనుమతి తీసుకోండి. చాలామంది ఇది చివర్లో గుర్తొచ్చి ఇబ్బంది పడతారు. తరువాత బీటన్ బృందం 2000లో రాసిన పద్ధతి చూడండి, చాలామంది పాటించేది అదే. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఇద్దరు విడివిడిగా చేయాలి, ఒకరు వైద్యం తెలిసినవారు, ఒకరు ఏమీ తెలియనివారు. ఆ రెండో మనిషి చాలా ముఖ్యం, ఎందుకంటే మనకి అలవాటైన మాటలు జనానికి అలవాటు లేవని ఆయన వల్లే తెలుస్తుంది. రెండూ కలిపి ఒకటి చేశాక, అసలు ప్రశ్నలు చూడని ఇద్దరితో తిరిగి ఇంగ్లీషు చేయించాలి, కమిటీ కూర్చోవాలి, ఆ తరువాత 30 నుంచి 40 మందితో ముందస్తు పరీక్ష.

ఇప్పుడు అసలు మాట. తిరిగి అనువాదం కలిసిందంటే ప్రశ్న జనానికి అర్థమైందని కాదు. మేము విజయనగరం పల్లెల్లో ఇలాంటి పనే ఇంకో ప్రశ్నావళితో చేశాం. "సమాచార మూలాన్ని పరిశీలిస్తారా" అని రాసుకున్నాం. తిరిగి ఇంగ్లీషు చేసినాయన చక్కగా సోర్స్ అని రాశారు, కమిటీలో అందరం సంతోషించాం. పల్లెలో ఒక పెద్దాయన, మూలవ్యాధి నాకు లేదు బాబూ, మా తమ్ముడికుంది అన్నారు. ఆయన ఒక్కరే కాదు, ఇంకో ముగ్గురు అలాగే విన్నారు. "మాధ్యమం" అంటే పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేశారా అని అడుగుతున్నాం అనుకున్నారు. సరే మీడియా అని మార్చాం, అప్పుడు మైకు పట్టుకుని వచ్చే విలేకరులు అనుకున్నారు. వాట్సాప్ మీడియా కిందకి వస్తుందని ఒక్కరికీ తోచలేదు! మీ పని అంతా వాట్సాప్ మీదే కాబట్టి ఆ మాట ఒక్కటి తప్పితే మొత్తం తప్పుతుంది. "టీవీలో, పేపర్లో, ఫోన్‌లో వచ్చే వీడియోల్లో, వాట్సాప్‌లో" అని విడమరిచి రాయండి. పొడుగైనా పరవాలేదు.

అందుకని, ఎవరికైనా పంచే ముందు ఓ పదిమంది దగ్గర కూర్చుని, ప్రశ్న చదివి, "ఇప్పుడు నేను ఏం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనండి. జవాబు రాసుకోకండి, వాళ్ళు ప్రశ్నని ఎలా విన్నారో అది రాసుకోండి. కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు దీన్ని, పేరు పెద్దదే కానీ పని ఇంతే. థీసిస్‌లో దీనికి ఒక అధ్యాయం ఇవ్వాలి మీరు.

భాష సంగతి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారి జిల్లా మీది. జనం మాట్లాడే భాషలో రాయమని జీవితమంతా పోరాడిన మనిషి. మీ ప్రశ్నావళి గ్రాంథికంలో ఉంటే ఎలా? అయితే మరీ యాసలో కూడా అచ్చు వేయకండి, పలాసలో పలికే మాట విజయనగరంలో అదే అర్థంతో పలకకపోవచ్చు. మామూలు వాడుక తెలుగులో రాసి, చదివి వినిపించేటప్పుడు ఏ మాటకి ఏ ఊరి మాట వాడవచ్చో ముందే ఒక పట్టిక రాసి పెట్టుకోండి. లేకపోతే అడిగే మనిషి మారినప్పుడల్లా ప్రశ్న మారిపోతుంది.

నాగావళి_గట్టు:

నేను చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చాను, ఇప్పుడు శ్రీకాకుళంలోనే పనిచేస్తున్నాను. చైనీస్ వాళ్ళకి సులువని మీరు అనుకున్నది కొంతవరకే నిజం, అది చెబుదామని.

రాత ఒకటే అన్నారు. మెయిన్‌ల్యాండ్‌లో సరళం చేసిన అక్షరాలు, హాంకాంగ్‌లో తైవాన్‌లో పాత అక్షరాలు. అక్షరాలే కాదు, మామూలు వాడుక మాటలు కూడా తేడా ఉంటాయి, అందుకని ఒక చోట సరిచూసిన ప్రశ్నావళిని ఇంకో చోట మళ్ళీ సరిచూడాల్సిందే. ఇక మీడియా అనే మాట అక్కడ ఇంకా చిక్కు. గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ అక్కడ మామూలుగా తెరుచుకోవు. వాళ్ళకి వీచాట్, వీబో, డౌయిన్ అనే అక్కడి యాప్‌లు. ఇంగ్లీషు ప్రశ్నలో యూట్యూబ్ అని ఉంటే దాన్ని ఎంత అందంగా అనువదించినా చెంగ్డూలో ఉన్న ముసలమ్మకి ఉపయోగం లేదు, ప్రశ్న లోపలి ఉదాహరణే మార్చాలి. మీరూ అంతే చేయాలి. వాళ్ళు పెట్టిన వీచాట్ తీసి వాట్సాప్ పెట్టడం తేలిక. అయితే వాట్సాప్‌లో మెసేజీ ఎవరి నుంచి వస్తుంది? చుట్టాల గ్రూపు నుంచి, బావ నుంచి, ఊరి సర్పంచి నుంచి. "పంపినవారు ఎవరో చూస్తారా" అని అడిగితే ఔను, మా బావ అంటారు. మీరు అడగాల్సింది ఆ వీడియో మొదట తయారుచేసింది ఎవరని.

వాళ్ళకి ఒక మంచి వసతి ఉంది, మనకి లేదు. హెల్త్ లిటరసీకి వాళ్ళు వాడే మాట జియన్‌కాంగ్ సుయాంగ్. సుయాంగ్ అంటే సాధనతో వచ్చిన నేర్పు, సంస్కారం లాంటి అర్థం, అందులో అక్షరాల ప్రసక్తి లేదు. మనం "ఆరోగ్య అక్షరాస్యత" అని పెట్టుకున్నాం, వినగానే చదువు రానివాళ్ళు నాకు చదువు లేదమ్మా అని లేచిపోతారు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 62 శాతం దగ్గర, విజయనగరం 59 దగ్గర. పెద్ద వయసు ఆడవాళ్ళలో ఇంకా తక్కువే ఉంటుంది. మీ అనుమతి పత్రం మీద ఆ మాట అసలు రానివ్వకండి.

ఇంకొకటి. మా హాస్టల్ చూసుకునే ఆయీ, అంటే అక్కడ పెద్దావిణ్ణి అలా పిలుస్తాం, రోజూ నాకు వీచాట్‌లో వచ్చిన యాంగ్‌షెంగ్ వ్యాసాలు చూపించేది. యాంగ్‌షెంగ్ అంటే ఒంటిని కాపాడుకునే పాత పద్ధతులు, ఏ కాలంలో ఏం తినాలి, వేడినీళ్ళు తాగాలి, ఏది తింటే ఒంట్లో మంట లేస్తుంది. మనం వేడి చేసింది, చలవ చేసింది అన్నట్టే! ఆవిడకి అది మందూ కాదు, ప్రకటనా కాదు, వాళ్ళమ్మ చెప్పిన మాట. ఇలాంటివాళ్ళని "మీరు చూసింది ఆరోగ్య సమాచారమా, ప్రకటనా" అని అడిగితే ఏం చెబుతారు? మన దగ్గర పసరు, పథ్యం, కషాయం అన్నీ అలాంటివే. ఇంగ్లీషు మందు ఒక్కటే ఆరోగ్యం అన్నట్టు ప్రశ్న ఉంటే, మీ ముందు మర్యాదగా తల ఊపి లోపల ఇంకోలా అనుకుంటారు.

అక్కడి పద్ధతుల్లో మీరు తీసుకోకూడనిది కూడా ఒకటుంది. అక్కడ ఇలాంటి సర్వేలు చాలా వరకు క్యూఆర్ కోడ్ వీచాట్‌లో పంపి ఫోన్‌లోనే నింపిస్తారు. త్వరగా అయిపోతుంది, కానీ ఫోన్ బాగా వాడేవాళ్ళే జవాబిస్తారు. ఉద్దానంలో గూగుల్ ఫారం పంపితే మీకు దొరికేది మీ క్లాస్‌మేట్స్, వాళ్ళ అన్నదమ్ములు. మీ మావయ్య దొరకరు.

సోంపేట_ఆశా:

చెల్లీ, నేను పెద్ద చదువు చదవలేదు, ఆశాగా ఇంటింటికీ తిరిగే మనిషిని. పైన పెద్దలు చెప్పినవి అన్నీ బాగున్నాయి, నాకు తెలిసినవి నాలుగు చెబుతాను.

యూనిఫాం వేసుకుని వెళ్ళకు. నర్సమ్మ వచ్చింది అంటే ప్రతిదానికీ అవునంటారు. వీడియోలు నమ్ముతారా అంటే, "మాకేటి తెలుస్తాది, మీరు సెప్పిందే మాకు" అంటారు, నువ్వు వాకిలి దాటగానే ఆ వీడియో మళ్ళీ చూస్తారు. అబద్ధం కాదది, నిన్ను చిన్నబుచ్చకూడదని. డయాలసిస్ గది దగ్గర అసలు అడగకు, ఆ రోజు వాళ్ళకి కూర్చునే ఓపికే ఉండదు.

ఫోన్ ఎవరిదో అడుగు. మా వైపు ఇంట్లో ఒకటే పెద్ద ఫోన్ ఉంటుంది, అది మగవాళ్ళ దగ్గరో పిల్లల దగ్గరో ఉంటుంది. "ఆరోగ్యం గురించి మీకు కావలసింది ఫోన్‌లో వెతుక్కోగలరా" అని ఒకసారి వేరే సర్వేకి నేనే అడిగాను. ఒక అప్ప, "ఆఁ, మా గుంటడు ఎట్టి ఇత్తాడు" అంది. అప్పుడు అవును అని రాయాలా కాదు అని రాయాలా? నేను అవును అనే రాశాను, ఇప్పటికీ అది తప్పేమో అనిపిస్తుంది. అది ఆమె తెలివి కాదు, మనవడిది. కానీ ఆమెకి ఆ దారి ఉందనేది కూడా నిజమే. మీ ప్రశ్నల్లో ఆ తేడా రాసుకోవడానికి చోటు పెట్టు.

అంగీకరిస్తున్నాను, అంగీకరించడం లేదు, ఈ మాటలు తీసెయ్యి. ఐదు గ్లాసుల బొమ్మ గీయించు. ఒకటి ఖాళీ, తరువాత కొంచెం, సగం, చాలా, నిండుగా. వేలు పెట్టి చూపించమను. నిండు గ్లాసు, సగం గ్లాసు ఎవరికైనా తెలుస్తుంది. "నమ్మకూడదని అనుకోను" లాంటి మెలికల ప్రశ్న ఉంటే దాన్ని విప్పి తిన్నగా రాయి, అది విని నేనే రెండుసార్లు ఆలోచించాలి.

ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి, మర్చిపోకు. తెలుగు అర్థమవుతుంది వాళ్ళకి, కానీ జబ్బు గురించి మాట్లాడేది ఇంటి భాషలోనే.

లెక్కల_పంతులు_విజయనగరం:

లెక్కల వైపు నుంచి నేను. ఆశా అక్క చెప్పిన అవునవును సంగతే లెక్కల్లో కూడా పెద్ద ప్రమాదం, అది ముందు చెబుతాను. అందరూ అన్నిటికీ పైనుంచే జవాబిస్తే ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి బాగా కలిసినట్టు కనిపిస్తాయి, ఆల్ఫా ఆకాశానికి పోతుంది. 0.70 దాటితే చాలంటారు కాబట్టి 0.95 వస్తే పండగ చేసుకుంటారు. మీకు 0.95 వస్తే పండగ చేసుకోకండి, ఇది తెలివిని కొలిచిందా, మర్యాదని కొలిచిందా అని అనుమానించండి. లేదా ఒకే ప్రశ్నని నాలుగు మాటల్లో అడిగి ఉంటారు. ఆల్ఫా ఒక్కటే చూపించి సరిచూశాం అని రాసే థీసిస్‌లు చూసి చూసి బాధగా ఉంది నాకు.

నిపుణుల దగ్గర మొదలుపెట్టండి. కనీసం ఆరుగురికి ప్రశ్నలిచ్చి ఒక్కోటి ఎంత సంబంధం ఉందో నాలుగు మార్కులకి వేయించండి, మూడో నాలుగో వేసినవాళ్ళ వంతు 0.78 ఉండాలంటారు. ఆరుగురిలో ఐదుగురు బాగుందంటే 0.83, ఆ ప్రశ్న ఉంటుంది. నలుగురే అంటే 0.67, మార్చాలి. ఆరుగురూ ప్రొఫెసర్లే కాకుండా ఒక ఏఎన్ఎంనీ, ఒక లోకల్ విలేకరినీ పెట్టండి.

మనుషుల లెక్క. ప్రశ్నకి ఐదు నుంచి పదిమంది అనేది వాడుకలో ఉన్న లెక్క. మీ ప్రశ్నలు ఇరవై ఉంటే 100 నుంచి 200. అంటే మేడమ్ చెప్పిన వంద అట్టడుగు. ప్రశ్నలు ఏవి ఏ గుంపులో పడుతున్నాయో వెతికేది ఎక్స్‌ప్లొరేటరీ, ఆ గుంపులు నిలబడతాయా అని చూసేది కన్ఫర్మేటరీ. ఈ రెండూ ఒకే వంద మంది మీద చేయకూడదు, చొక్కా కొలతలు తీసిన మనిషికే తొడిగి అందరికీ సరిపోతుంది అన్నట్టు ఉంటుంది. రెండో దానికి ఇంకో రెండు వందల మంది కావాలి. ఎమ్మెస్సీ గడువులో అది మీ ఒక్కరివల్ల కాదు, నా మాట విని అది వదిలేయండి. ముందు భాగం గట్టిగా చేసి, రెండో భాగం తరువాత చేయాలని నిజాయితీగా రాయండి. దాని బదులు ఓ 40 మందిని రెండు వారాల తరువాత మళ్ళీ అడిగి జవాబులు నిలకడగా ఉన్నాయో చూడండి. ఆ రెండు వారాల్లో వాళ్ళకి వీడియోల గురించి మీరు క్లాసు తీసుకోకూడదు, మనసు లాగుతుంది, తెలుసు. అడగడం అంతా అయ్యాక వెళ్ళి చెప్పండి.

చదివి వినిపించడం గురించి అడిగారు. కొందరికి చేతికిచ్చి, కొందరికి వినిపిస్తే రెండు రకాల కొలత అవుతుంది. చదువు వచ్చినా రాకపోయినా అందరికీ వినిపించండి, ఒకే పద్ధతి.

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. "నేను గుర్తించగలను" అని మనిషి తన గురించి చెప్పుకోవడం వేరు, నిజంగా గుర్తించడం వేరు. ఇంటర్నెట్‌లో ఆరోగ్య సమాచారం వాడుకునే నేర్పు గురించి 2006లో నార్మన్, స్కిన్నర్ చేసిన ఈహీల్స్ అనే ప్రశ్నావళిలో ఎనిమిది ప్రశ్నలూ "నాకు తెలుసు", "నేను చేయగలను" అనే తరహావే. ఇజ్రాయెల్ వాళ్ళు పిల్లలకి మీడియాలోంచి తీసిన ముక్కలు చూపించి అడిగారు. మీరు కూడా ఒక్క వీడియో అయినా చూపించండి.

ఉద్దానం_అమ్మాయి:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. మీ మాటలు చదివి ఈ ఆదివారం మా ఊళ్ళోనే ఐదుగురి దగ్గర కూర్చున్నాను, యూనిఫాం లేకుండా.

"సందేశం వెనుక ఉన్న ఉద్దేశాన్ని నేను గుర్తించగలను" అని ఒక ప్రశ్న రాసుకున్నాను. ఐదుగురిలో నలుగురికి అది తలకెక్కలేదు. మా పక్కింటి అత్తని గ్లాసుల బొమ్మ మీద చూపించమంటే ఖాళీ గ్లాసు మీద వేలు పెట్టింది, నాకేటి తెలుసునమ్మా అంది. తరువాత మావయ్య ఫోన్‌లో ఉన్న ఆ పొడి వీడియోనే చూపించాను. పూర్తిగా చూసి, నేను అడగకముందే, "కింద నంబరేసినాడు గదా, ఫోన్ సేస్తే పొడి పంపుతాడు, డబ్బులు అట్టుకెల్తాడు, ఇంకేటుంటాది" అంది. నేను ఆ ఖాళీ గ్లాసునే లెక్కపెట్టి ఉంటే అత్తకి ఏమీ తెలియదని రాసేదాన్ని. ఇంటికి వచ్చి చాలాసేపు అదే ఆలోచించాను.

ఆ ప్రశ్న తీసేసి "ఈ వీడియో చేసినవాళ్ళకి దీనివల్ల ఏం లాభం?" అని పెట్టాను. మీడియా అన్న చోటల్లా విడమరిచి రాశాను. ఫోన్ ఎవరు తెరిచి పెడతారనేది వేరే గడి. మూడు వీడియోలు చూపిస్తాను. ఒకటి పొడిది, ఒకటి ఆరోగ్య శాఖది, మూడోది వంటల వీడియో, దాంట్లో మధ్యలో నూనె గుండెకి మంచిదని వస్తుంది. నాలుగు మెట్లలో మొదటిది, దాగున్నదాన్ని గుర్తుపట్టడం, దాంతో తెలుస్తుంది అనుకుంటున్నాను. వంటల వీడియో ఎక్కువ పొడుగైతే చెప్పండి, ఇప్పుడు నాలుగు నిమిషాలుంది.

గైడ్ మేడమ్‌కి అత్త మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, సరే, కాగ్నిటివ్ ఇంటర్వ్యూలు పెట్టు, ఎథిక్స్ కమిటీకి మళ్ళీ కాగితం రాద్దాం అన్నారు. కన్ఫర్మేటరీ వదిలేస్తున్నాను. ఒడియా ఇళ్ళు కూడా ఈ విడతలో లేవు, ఆ సంగతి థీసిస్‌లో రాస్తాను.

సోంపేట అక్కా, నాకు ఇంకో ఐదుగురు కావాలి, మగవాళ్ళు, యాభై దాటినవాళ్ళు, జీడి బట్టీల్లోనో కొబ్బరి తోటల్లోనో పనిచేసేవాళ్ళు. పగలు దొరకరని తెలుసు. సాయంత్రం ఏ వేళకి రమ్మంటారు?

సోంపేట_ఆశా:

ఏడు దాటాక రా చెల్లీ, అన్నాలు తినే ముందు. గురువారం అయితే నేనూ ఉంటాను. నాలుగు నిమిషాలు ఎక్కువే, రెండు చెయ్యి.